వంశపారంపర్య బహుతిత్తుల మూత్రపిండ వ్యాధి: మూలకణాల గుర్తులు చెప్పే పాఠం

"వాళ్ళ నాయనకూ ఇదే జబ్బు, జేజినాయనకూ ఇదే జబ్బు, అది ఆ ఇంటి రాత" అనే మాట మన ప్రాంతంలో తరచు వినబడుతుంది. రాత అన్న మాటను వైద్యశాస్త్రం పూర్తిగా కాదనదు. అయితే ఆ రాత నుదుటిపైన కాక ప్రతి కణంలోని క్రోమోజోములపైన ఉన్నదని, దానిని చదువవచ్చునని, చదివినవారు ముందుగా జాగ్రత్తపడవచ్చునని చెబుతుంది. అటువంటి రాతలలో ఒకటి బహుతిత్తుల మూత్రపిండ వ్యాధి. ఈ వ్యాధిలో మూత్రపిండ కణాలు ఎందుకు దారి తప్పుతున్నవో తెలుసుకొనుటకై శాస్త్రజ్ఞులు మూలకణాల గుర్తులను పరిశీలిస్తున్నారు. ఆ గుర్తులు ఏమిటి, అవి ఏమి చెబుతున్నవి, ఏమి చెప్పడం లేదు అనే విషయాలను విద్యార్థి మిత్రులకు వివరించడం, మన ఇళ్ళకు అందులో ఉపయోగపడే సంగతిని వేరుచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూత్రపిండం పనిచేసే తీరు

మానవుని ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రానులు కలవు. ప్రతి నెఫ్రాను మొదట బౌమన్ గుళిక, దాని లోపల రక్తకేశనాళికల గుచ్ఛం, ఆ తరువాత మెలికలు తిరిగిన సన్నని నాళిక ఉంటాయి. రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వెలుపలికి పోతుంది. మిగిలినదంతా నాళికల గోడలు తిరిగి రక్తంలోనికి చేరుస్తాయి. నీటి విలువ తెలిసిన రాయలసీమ రైతుకు ఈ పొదుపును వేరుగా వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. నెఫ్రానులన్నీ శిశువు తల్లి గర్భంలో ఉండగానే, సుమారు 36వ వారం నాటికే, తయారవుతాయి. వాటిని నిర్మించే పూర్వకణాలు ఆ పనితోనే ఖర్చయిపోతాయి. ఆ నిర్మాణం ముగిసిన తరువాత మనిషికి కొత్త నెఫ్రాను ఒక్కటైనా పుట్టదు. దెబ్బతిన్న నాళిక గోడ కొంతవరకు మరమ్మతు కాగలదు గాని, పోయిన నెఫ్రాను మరల రాదు.

వ్యాధి స్వరూపం

ఈ వ్యాధిలో కొన్ని నాళికల గోడలు ఒకచోట ఉబ్బి, క్రమంగా మూలనాళిక నుండి విడిపోయి, నీరు నిండిన తిత్తులవుతాయి. పారే కాలువకు గండిపడి పక్కన మడుగు కట్టినట్లు అనుకొనవచ్చును. ఆశ్చర్యమేమనగా, మొత్తం నెఫ్రానులలో నూటికి ఐదింటి కంటె తక్కువ వాటిలోనే తిత్తులు పుడతాయి. కాని ఏళ్ళ తరబడి పెరిగే ఆ కొద్ది తిత్తులే చుట్టుపక్కల ఉన్న మంచి నెఫ్రానులను నొక్కి, నలిపి, నిరుపయోగం చేస్తాయి. పిడికిలి పరిమాణంలో ఉండవలసిన మూత్రపిండం అనేక రెట్లు పెరుగుతుంది. కాలేయంలో కూడా తిత్తులు రావచ్చును. కొందరిలో మెదడు రక్తనాళాల గోడలు బలహీనపడి ఉబ్బుతాయి.

రక్తపుపోటు, నడుమునొప్పి, మూత్రంలో రక్తం, మాటిమాటికి వచ్చే మూత్ర సంబంధమైన చీము దీని సామాన్య లక్షణాలు. వీటిలో రక్తపుపోటు అందరికంటె ముందు వస్తుంది. తరచు 30 ఏళ్ళు నిండక మునుపే వస్తుంది. అయినను అది నొప్పి కలిగించదు కనుక ఎవరూ దానిని చూపించుకొనరు. అసలు వ్యాధి బయటపడేసరికి మూత్రపిండాలు చాలవరకు చెడిపోయి ఉంటాయి.

ప్రపంచంలో సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని చాలకాలంగా వేస్తున్న అంచనా. 2011 జనాభా లెక్కల నాటికే రాయచోటి పట్టణ జనాభా 90,000 దాటినది. వెయ్యికి ఒక్కరనుకొన్నను మన ఒక్క పట్టణంలోనే 90 మంది ఉండవలసిన లెక్క. వారిలో ఎందరికి తమ సంగతి తెలుసునన్నది ఆలోచించవలసిన విషయం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రబలిన మూత్రపిండ వ్యాధికీ దీనికీ సంబంధం లేదు. అది ఒక ప్రాంతాన్ని పట్టినది. ఇది ఏ ప్రాంతంలోనైనా ఒక వంశాన్ని పట్టునది.

జన్యువులు, రెండు దెబ్బలు

1957లో డెన్మార్కు వైద్యుడు డాల్‌గార్డ్ 284 మంది రోగులను, వారి కుటుంబాలను పరిశీలించి ఈ వ్యాధి తరతరాలుగా దిగివచ్చే తీరును స్థిరపరిచాడు. 1985లో దోషం 16వ క్రోమోజోముపై ఉన్నదని తెలిసింది. 1994లో పి.కె.డి.-1 జన్యువును, 1996లో 4వ క్రోమోజోముపై ఉన్న పి.కె.డి.-2 జన్యువును గుర్తించారు. రోగులలో నూటికి 78 మంది వరకు మొదటి జన్యువులోను, సుమారు 15 మంది రెండవ జన్యువులోను ఉత్పరివర్తనం కలిగి ఉంటారు. మొదటి జన్యువు దోషం ఉన్నవారిలో మూత్రపిండాలు త్వరగా, సాధారణంగా 50 దాటిన వయస్సులో విఫలమవుతాయి. రెండవ రకంలో 70 ఏళ్ళు దాటేవరకు పనిచేయవచ్చును.

ఈ జన్యువులు తయారుచేసే పాలిసిస్టిన్-1, పాలిసిస్టిన్-2 అనే ప్రోటీనులు నాళికా కణంపై వెంట్రుకవలె నిలిచిన శైలికపై ఉంటాయి. శైలికకు ఈ వ్యాధితో గల సంబంధం బయటపడిన తీరు మన విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో చదివే క్లామిడోమొనాస్ అనే శైవలానికి ఈదుటకు రెండు కశాభాలు ఉంటాయి. ఆ కశాభాల నిర్మాణానికి అవసరమైన ఒక జన్యువు, మూత్రపిండ తిత్తులు గల ఒక జాతి ఎలుకలలో చెడిపోయిన జన్యువు, రెండూ ఒకే కుటుంబానివని 2000లో తేలింది. చెరువునీటిలోని పచ్చని జీవి మనిషి వ్యాధికి దారి చూపినది.

రోగి శరీరంలోని ప్రతి కణంలోను ఒక చెడ్డ ప్రతి, ఒక మంచి ప్రతి ఉంటాయి. మంచి ప్రతి ఉన్నంతవరకు కణం తన పని తాను చేసుకొంటుంది. ఎక్కడో ఒక కణంలో ఆ మంచి ప్రతి కూడా దెబ్బతిన్నప్పుడు అక్కడ తిత్తి మొలకెత్తుతుంది. 1996లో తిత్తుల గోడల కణాలను పరీక్షించినవారు ఈ రెండవ దెబ్బ ఆనవాళ్ళను చూచారు. అన్ని కణాలలో దోషమున్నను తిత్తులు అక్కడక్కడ మాత్రమే లేచుటకు ఇది ఒక ప్రధాన కారణం.

మూలకణం, దాని గుర్తు

విభజన చెంది తన వంటి కణాలను తయారుచేసుకొనగల శక్తి, అవసరమైనప్పుడు ప్రత్యేకమైన పని గల కణంగా మారగల శక్తి, ఈ రెండూ ఉన్న కణమే మూలకణం. సూక్ష్మదర్శినిలో చూచినంత మాత్రాన దానిని పోల్చుకొనలేము. అందుకే గుర్తులు అవసరమైనవి. ప్రతి రకపు కణం తన ఉపరితలంపై కొన్ని ప్రోటీనులను, కేంద్రకంలో మరికొన్నింటిని ధరించి ఉంటుంది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే ప్రోటీనును వెదకి పట్టుకొనే ప్రతిరక్షకాలను కోరినంత తయారుచేసే పద్ధతి కనుగొన్నారు. ఆ ప్రతిరక్షకానికి మెరిసే రంగు అంటించి కణాలపై వదిలితే, గుర్తు ఉన్న కణం వెలుగుతుంది. ఇట్టి గుర్తులకు వరుస సంఖ్యలతో సి.డి. అనే పేర్లు పెట్టే ఏర్పాటు 1982లో పారిస్‌లో జరిగిన సదస్సుతో ఆరంభమైనది. రక్తమూలకణాలపై ఉండే సి.డి.-34 వీటిలో ప్రసిద్ధమైనది.

మూత్రపిండం విషయంలో మూడు గుర్తులను తెలుసుకొంటే చాలును. సిక్స్-2 అనేది గర్భస్థ శిశువులో నెఫ్రానులను నిర్మించే పూర్వకణాల గుర్తు. పాక్స్-2 అనేది నిర్మాణం జరుగుతున్నప్పుడు పనిచేసి, నాళికలు పరిపక్వం చెందిన పిమ్మట చాలవరకు మౌనం వహించే నియంత్రకం. సి.డి.-133 అనేది పెద్దవారి మూత్రపిండంలో అక్కడక్కడ కనిపించే కొన్ని కణాల ఉపరితలపు గుర్తు. 2005లో ఇటలీలోని టూరిన్ పరిశోధకులు సి.డి.-133 గల కణాలను మానవ మూత్రపిండం నుండి వేరుచేశారు. 2006లో ఫ్లోరెన్సు పరిశోధకులు బౌమన్ గుళిక గోడలో సి.డి.-133, సి.డి.-24 రెండూ గల కణాలను వర్ణించారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బస్సుస్టాండులో ఖాకీ చొక్కా చూచి బస్సు డ్రైవరు అనుకొంటాము. ఆటో నడిపేవారూ ఖాకీ తొడుగుతారు, పోలీసులూ ఖాకీ తొడుగుతారు. చొక్కా మనిషి కాదు. అట్లే గుర్తు కణం కాదు. గాయపడిన నాళికలో, పూర్తిగా పరిపక్వమైన కణాలు సైతం మరమ్మతు కొరకు తాత్కాలికంగా వెనుకటి రూపానికి మరలి, సి.డి.-133 వంటి గుర్తులను ధరిస్తాయని తరువాతి పరిశోధనలు చూపినవి. కనుక ఒక గుర్తు కనిపించగానే మూలకణం దొరికినదని ప్రకటించడం తొందరపాటు. ఆ కణం ఏమి చేయగలదో పరీక్షించి చూడాలి.

తిత్తి గోడలో కనిపించినది

ఇక వ్యాధిగ్రస్త మూత్రపిండానికి వద్దాము. మూసుకొనిపోవలసిన పాక్స్-2 తిత్తుల గోడలలో ఇంకను పనిచేస్తున్నట్లు పరిశోధకులు గమనించారు. తిత్తులు పుట్టే ఎలుకలలో పాక్స్-2 జన్యువు ప్రతులలో ఒకదానిని తొలగిస్తే తిత్తుల పెరుగుదల మందగించినది. అనగా ఆ గుర్తు కేవలం అలంకారం కాదు, వ్యాధిలో దానికి పాత్ర ఉన్నది.

2011లో టూరిన్ పరిశోధకులు ఈ వ్యాధి గల రోగుల మూత్రపిండాల నుండి సి.డి.-133 కణాలను వేరుచేసి, ఆరోగ్యవంతమైన మూత్రపిండం నుండి తీసిన అటువంటి కణాలతో పోల్చారు. చూచుటకు రెండింటి గుర్తూ ఒక్కటే. నడవడి మాత్రం వేరు. ఆరోగ్యకణాలు పరిపక్వత వైపు సాగి నాళికల వంటి నిర్మాణాలను ఇచ్చినవి. రోగి కణాలు పాక్స్-2ను విడువక, సరిగా పరిపక్వం చెందక, తిత్తులను ఇచ్చినవి. చొక్కా ఒకటే అయినను మనిషి వేరని ఈ ప్రయోగమే నిరూపించినది.

వీటన్నింటి సారాంశం ఒక్క వాక్యంలో చెప్పవచ్చును: తిత్తి గోడలోని కణం, పెద్దరికం వహించవలసిన వయస్సులో బాల్యాన్ని విడువలేని కణం. అది ఎదిగి నీటిని పొదుపుచేసే పని చేయుటకు బదులు, విభజన చెందుతూ, లోపలికి నీరు తోడుకొంటూ కూర్చుంటుంది.

వెనుకకు మళ్ళిన కణం తిరిగి రాగలదా?

2006లో జపాను శాస్త్రజ్ఞుడు యమనాకా ఎలుక చర్మకణంలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి దానిని పిండదశలోని మూలకణం వంటి స్థితికి మరలించాడు. 2007లో మానవకణాలతోను అదే సాధించాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఇట్టి కణాల నుండి 2015 నాటికి ప్రయోగశాల పాత్రలో చిన్న మూత్రపిండ నమూనాలను పెంచగలిగారు. అదే సంవత్సరం పి.కె.డి. జన్యువులను తొలగించిన కణాలతో పెంచిన నమూనాలలో తిత్తులు లేచినవి. రోగిని బాధపెట్టకుండ వ్యాధి పుట్టుకను కళ్ళారా చూచే అవకాశం, మందులను పరీక్షించే సాధనం ఆ విధంగా దొరికినవి.

మరియొక ఆశాజనకమైన ఫలితం 2021లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుండి వచ్చినది. జన్యువును ఆపివేసి ఎలుకలలో తిత్తులు పుట్టించి, పిదప అదే జన్యువును తిరిగి పనిచేయించగా, తిత్తులు తగ్గి మూత్రపిండాలు చాలవరకు పూర్వరూపానికి వచ్చినవి. దారి తప్పిన కణం తిరిగి దారికి రాగలదన్న మాట. అయితే ఇది ఎలుకల సంగతి. ఇంతకు ముందు ఎలుకలలో చక్కగా పనిచేసిన రాపామైసిన్ తరగతి మందులు 2010లో ప్రచురితమైన మానవ పరీక్షలలో మూత్రపిండాల పనితీరును కాపాడలేకపోయినవి. ఆశ ఉండవచ్చును, తొందర తగదు.

ఈ తొందరను సొమ్ము చేసుకొనే ప్రకటనలు వెలువడుతుంటాయి. మూలకణాల సూది వేస్తే మూత్రపిండాలు కొత్తవవుతాయని నమ్మించి, పొలం అమ్మించేవారు ఉంటారు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శక సూత్రాల ప్రకారం, రక్త సంబంధమైన వ్యాధులలో చేసే రక్తమూలకణ మార్పిడి తప్ప మిగిలిన మూలకణ ప్రయోగాలన్నీ పరిశోధన దశలోనివే. ఆమోదం పొందిన పరీక్షల వెలుపల వాటిని చికిత్సగా ఇవ్వరాదు. పైగా మనం ఇంతవరకు చూచినదానిని బట్టి, రోగి సొంత మూలకణాలలో కూడా అదే దోషం ఉంటుంది. జన్యువును సరిదిద్దకుండ వాటినే తిరిగి ఎక్కించుట వలన ప్రయోజనమేమిటని విద్యార్థి తనంతట తానే ప్రశ్నించుకొనగలడు.

మన ఇళ్ళకు సంబంధించిన సంగతి

ఈ వ్యాధి బహిర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. తల్లి గాని తండ్రి గాని ఒక్కరికి ఉంటే చాలును. ప్రతి బిడ్డకు, ఆడ అయినను మగ అయినను, వచ్చుటకు సగానికి సగం అవకాశం. మేనరికం చేసుకొన్నా, బయటి సంబంధం చేసుకొన్నా ఈ లెక్క మారదు. నూటికి 10 నుండి 15 మందిలో కుటుంబంలో ముందెవ్వరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. కావున కోడలు తెచ్చిన జబ్బు అని నిందించుట అన్యాయం. ఎవ్వరూ కోరి తెచ్చుకొన్నది కాదు.

అంతర్గత లక్షణంగా వచ్చే మరొక రకం కలదు. అది సుమారు 20,000 జననాలలో ఒకరికి, పసితనంలోనే, 6వ క్రోమోజోముపై ఉన్న జన్యువు దోషం వలన వస్తుంది. తలిదండ్రులిద్దరూ ఆ దోషాన్ని మోసేవారైనప్పుడు ప్రతి బిడ్డకు నాల్గింట ఒక వంతు అవకాశం. ఇక్కడ మాత్రం దగ్గరి సంబంధాలు ప్రమాదాన్ని పెంచుతాయి. మేనమామకు, మేనకోడలికి జన్యువులలో నాల్గవ వంతు, మేనబావ మరదళ్ళకు ఎనిమిదవ వంతు ఉమ్మడిగా ఉంటాయి. తెలుగు ఇళ్ళలోని మేనరికానికి, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో చాచా, మామూ, ఖాలా, ఫూఫీ బిడ్డల మధ్య జరిగే సంబంధాలకు ఈ గణితం ఒక్కటే. అటువంటి బిడ్డ పుట్టిన కుటుంబం తరువాతి కాన్పుకు ముందు జన్యు సలహా పొందుట మేలు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో అందుకు ప్రత్యేక విభాగం ఉన్నది.

పెద్దల రకానికి పరీక్ష కష్టమైనది కాదు. కుటుంబంలో వ్యాధి ఉన్నవారికి పొట్ట స్కానింగులో, 15 నుండి 39 ఏళ్ళ మధ్య రెండు మూత్రపిండాలలో కలిపి మూడు తిత్తులైనా కనబడితే వ్యాధి ఉన్నట్లు నిర్ణయిస్తారు. 40 దాటిన తరువాత తిత్తులే లేనివారికి వ్యాధి లేనట్లే భావించవచ్చును. మూత్రపిండ దానం విషయంలో ఇది మరీ ముఖ్యం. అన్నకు ఇవ్వదలచిన తమ్మునిలో అదే దోషం దాగి ఉండవచ్చును గనుక, దాతను మొదట పరీక్షించి తీరాలి.

పూర్తిగా నయంచేసే మందు లేకున్నను, చేయగలిగినది చాల ఉన్నది. 2014లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, ఇంకా మూత్రపిండాలు బాగున్న యువ రోగులకు రక్తపుపోటును గట్టిగా అదుపులో ఉంచగా మూత్రపిండాల పెరుగుదల మందగించినది. టోల్వాప్టాన్ అనే మందు వ్యాధి వేగాన్ని కొంత తగ్గించగలదు. దీనికి జపాను 2014లో, అమెరికా 2018లో అనుమతి ఇచ్చినవి. అది విపరీతమైన దాహాన్ని, మూత్రాన్ని కలిగిస్తుంది. కాలేయాన్ని కనిపెట్టి ఉండాలి. కావున నిపుణుని పర్యవేక్షణలోనే వాడాలి. ఉప్పు తగ్గించుట, వైద్యుడు చెప్పినంత నీరు త్రాగుట, పొగ మానుట ఎవరికైనా సాధ్యమే. నడుమునొప్పికి మందుల అంగడిలో అడిగి తెచ్చుకొనే నొప్పి మాత్రలు మూత్రపిండానికి శత్రువులు. ఈ వ్యాధి గలవారు రంజాన్ ఉపవాసానికి ముందు వైద్యుని సంప్రదించాలి. రోగికి, ప్రయాణికునికి ధర్మమే వెసులుబాటు ఇచ్చినదని మరువరాదు. మూత్రపిండ నిపుణులు మనకు దూరంగానూ లేరు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో అందుకు విభాగం ఉన్నది.

ముగింపు

ఈ జబ్బు విషయంలో మన ఇళ్ళను ఎక్కువగా బాధిస్తున్నది దాపరికం. పిల్లకు సంబంధం కుదరదని, కువైట్ వెళ్ళవలసిన కుమారుని వీసా ఆగిపోతుందని, రక్తపుపోటును కూడ చెప్పుకొనరు. చివరకు ఒకనాడు ఊపిరాడక ఆసుపత్రికి చేరినప్పుడు, ఇరవై ఏళ్ళుగా చేయగలిగి చేయనివన్నీ ఒక్కసారిగా గుర్తుకు వస్తాయి. వారానికి రెండు మూడు మార్లు డయాలిసిస్ కొరకు బస్సెక్కే మనిషికి, ఇరవయ్యో ఏట ఒక్కసారి రక్తపుపోటు చూపించుకొనుట ఎంత తేలిక పనియో అప్పుడు తెలుస్తుంది.

మూలకణాల గుర్తులను వెదకే శాస్త్రజ్ఞులు తమ పని తాము చేస్తున్నారు. ఏదో ఒకనాడు ఆ బాల్యం విడువని కణాన్ని దారికి తెచ్చే మందు రావచ్చును. అంతవరకు మనము చేయవలసిన పరిశోధన ఒకటి ఉన్నది. దానికి సూక్ష్మదర్శిని అవసరం లేదు. విద్యార్థి మిత్రులారా, ఈ సెలవులలో ఇంట్లోని పెద్దలను కూర్చుండబెట్టి, ఏ తరంలో ఎవరు ఏ వ్యాధితో, ఏ వయస్సులో పోయారో అడిగి ఒక కాగితంపై వంశవృక్షం గీయండి. మూత్రపిండాల మాట రెండు తరాలలో వినబడితే, ఆ కాగితం పట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. మన కళాశాల నిర్వాహకవర్గం వారు ఏటా ఒకనాడు విద్యార్థులందరికీ రక్తపుపోటు పరీక్ష జరిపించినచో, ఈ వ్యాసానికి అంతకంటె వేరే ప్రయోజనం అక్కరలేదు.